ముందు చక్రాల మీద నీళ్ళు

సెప్టెంబరు 12, శుక్రవారం

బండి ఇంటికొచ్చింది. పదహారు రోజులు పోలీస్ స్టేషన్ ముందు ఎండలో, ఆపైన వారం పత్తికొండలో రేకుపని చేసేవాళ్ళ దగ్గర. ఎడమ డోరు కొత్తది వేశారు. రంగు కలవలేదు. తెలుపులో ఇన్ని రకాలుంటాయని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఊర్లోకి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు, శవం పోతుంటే లేచినట్టు. ఒళ్ళు మండింది. హారన్ కొట్టుకుంటూ వచ్చాను.

జ్యోతి వాకిట్లోనే ఉంది. బండి ఆపీ ఆపకముందే బిందె తెచ్చి ముందు చక్రాల మీద నీళ్ళు పోసింది. సుయ్యిమని ఆవిరి లేచింది. ఆలూరు పక్కన వాళ్ళ పల్లెలో, మా మామ గిడ్డయ్య ఇంట్లో, సేద్యం నుంచి ఎద్దులు రాగానే వాకిట్లోనే కాళ్ళు కడిగేవాళ్ళు. కడగకుండా గాటికి కట్టేవాళ్ళు కాదు. ఆమె కాపురానికొచ్చిన ఇంట్లో ఎద్దులు లేవు, ఆరేళ్ళ కింద పికప్ కొన్నాం. అప్పటి నుంచి బండి ఎప్పుడొచ్చినా దానికి నీళ్ళు పడాల్సిందే. ఆమె తమ్ముడు అవినాష్ ఎగతాళి చేసేవాడు, బండికి కాళ్ళు నొస్తున్నాయంట, కొంచెం నూనె కూడా రాయక్కా అని. ఆమె చెంబుతో వాడి మీదే చల్లేది.

ఈరోజు ఎవరూ ఏమీ అనలేదు. ఖాళీ బిందె పట్టుకుని డ్రైవర్ డోరు వైపు చూస్తూ నిలబడింది. దిగింది నేను.

సెప్టెంబరు 13

స్టీరింగు వణుకుతోంది. రోడ్డు బాగాలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

ఈ డైరీ జనవరిలో ఎరువుల అంగడివాళ్ళు ఇచ్చారు. ఎనిమిది నెలలు బీరువా మీద దుమ్ముపట్టింది. ఇంటర్లో తెలుగు మాస్టారు రోజూ నాలుగు వాక్యాలు రాయండ్రా అని బతిమాలితే రాయనివాణ్ణి, నలభై మూడేళ్ళకు రాస్తున్నాను. బండి నడిపేటప్పుడు వాగడానికి పక్కన మనిషి లేడు. అందుకే అయ్యుంటుంది.

మార్కెట్లో హమాలీలు ఎట్లా జరిగిందని అడుగుతారు. ఎన్నిసార్లు చెప్పాలి? ఆగస్టు పందొమ్మిది, పొద్దున ఏడు గంటలు. ఆలూరు రోడ్డులో కల్వర్టు దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. బండి నిండా టమేటా పెట్టెలు. అవినాష్ బ్రేకు తొక్కాడు. బండి ఎడమకు లాగి కిందికి పోయింది. అంతే. ఇంకేముంది చెప్పడానికి.

వాడికి ఇరవై ఆరు. వాళ్ళమ్మ పోయేసరికి వాడికి మూడేళ్ళు, జ్యోతికి పదమూడు. చంకనేసుకుని పెంచింది. నన్ను చేసుకుని వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెతో పాటు తమ్ముణ్ణి కూడా తెచ్చుకుంది. మాకు పిల్లలు కలగలేదు. కలగలేదని మేము పెద్దగా బాధపడిందీ లేదు, వాడున్నాడు గనక.

మండీ ఆయన ఈరోజు, పిల్లోడు స్పీడు గదప్పా, అన్నాడు. నేను తల ఊపాను.

వాడు స్పీడు కాదు. నేనే స్పీడు.

సెప్టెంబరు 17

కొత్తగా వేసిన తారు రోడ్డు మీద కూడా వణికింది. టైర్లలో గాలి చూపించాలి.

సెప్టెంబరు 19

గాలి సరిగానే ఉందట.

సెప్టెంబరు 21, ఆదివారం

బండితో పాటు స్టేషన్లో ఇచ్చిన తనిఖీ కాగితాలు మళ్ళీ చదివాను. బ్రేకులు పనిచేయుచున్నవి, అని రాసి ఉంది. పైన సంతకం, ముద్ర. చదువుకున్నవాళ్ళు, బండి చూసి రాసినవాళ్ళు. వాళ్ళకు తెలియదా? డ్రైవరు అజాగ్రత్త అని కూడా ఉంది కింద. ఆ వాక్యం జ్యోతికి చదివి వినిపించలేదు. ఏం రాశారని అడిగితే, అన్నీ సరిగ్గా ఉన్నాయని రాశారన్నాను.

సెప్టెంబరు 23

ఉల్లిగడ్డలు కర్నూలు మార్కెట్లో దించి కల్లూరు మీదుగానే తిరిగొచ్చాను. మెకానిక్కు ఏసన్న షెడ్డు రోడ్డు పక్కనే. లేత్ మిషన్ చప్పుడు వినిపించింది. బండి పని ఏదైనా కొన్నప్పటి నుంచీ అక్కడే. కానీ ఈరోజు ఆగలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

సెప్టెంబరు 24, బుధవారం

పత్తికొండలో సుబ్బయ్య అని కొత్త మెకానిక్కు దగ్గర చూపించాను. ముందు చక్రాలు విప్పాడు. విప్పగానే నాలుక చప్పరించాడు. బ్రేకు పట్టే ఇనప డిస్కు మీద నీలం మచ్చలు చూపించి, వేలు పెట్టి తిప్పి, కాలుతున్న డిస్కు మీద ఎవరో నీళ్ళు పోస్తున్నారన్నాడు. "కాలే పెనం మీద సన్నీళ్ళు పోస్తే ఏమైతాదప్పా? వంగుతాది. ఇది గూడా అంతే. నీళ్ళతోనే వంగినాయివి."

నీళ్ళతోనే. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే చెప్పాడు. డిస్కులు పట్టుకుని ఇంకేదో కూడా అన్నాడు గానీ, పక్కన ట్రాక్టర్ స్టార్ట్ చేశారు, సరిగా వినిపించలేదు. ఇప్పటికి బిగించేయమన్నాను.

పక్క హోటల్లో అన్నం తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. నెల తర్వాత ఈరోజే కడుపునిండా తిన్నాను. దానికి సిగ్గుపడాలో ఏమో తెలియదు.

సెప్టెంబరు 25, గురువారం

జ్యోతికి చెప్పాను. చెప్పకుండా ఎట్లా? రేపు నేను పోయే బండి అది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బిందెతో నిలబడి ఉంది. ఇకమీదట పోయొద్దు, వేడి మీద నీళ్ళు పడితే లోపలి డిస్కులు వంగుతాయి, అన్నాను. మామూలుగానే అన్నాను. కసురుకోలేదు.

"వంగితే ఏమైతాది?" అంది.

వంగితే స్టీరింగు వణుకుతుంది, గట్టిగా బ్రేకు కొడితే బండి ఒక పక్కకు లాగుతుంది, అన్నాను. ఎవరికైనా చెప్పే మాటే. నోట్లోంచి వచ్చాక గానీ నాకూ తెలియలేదు ఏమన్నానో.

ఆమె బిందె నేలమీద పెట్టింది. రెండు చేతులూ చూసుకుంది. "ముందునాటి సందేళ గూడా పోసింటి," అంది. "వాడు ఆలూరు నుంచి వస్తానే పోసింటి. నిండు బిందె."

ఆగస్టు పద్దెనిమిది గురించి అంటోంది.

నేను కాదనలేదు. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను.

సెప్టెంబరు 27

నేను అబద్ధం చెప్పలేదు. నీళ్ళు పోస్తే డిస్కులు వంగుతాయన్నది నిజం. సుబ్బయ్య చెప్పిన మాటే.

సెప్టెంబరు 28

నిజమే చెప్పాను.

అక్టోబరు 1, బుధవారం

ఆయుధపూజ. ఈ ఏడు మాకు పండుగ లేదు, కానీ బండికి నిమ్మకాయలన్నా తొక్కించకపోతే బాగుండదని మా అక్క వచ్చింది. సోమక్క పక్క వీధిలోనే ఉంటుంది. పసుపు కలిపి తెచ్చి, ఇంటి ఇల్లాలివి, బొట్లు నువ్వే పెట్టు అని జ్యోతి చేతికిచ్చింది. జ్యోతి చేతులు కొంగులో చుట్టుకుని గడప లోపలే నిలబడింది.

"నా చెయ్యి మంచిది కాదొదినా. నువ్వే పెట్టు," అంది.

సోమక్క తిట్టింది. ఇరవై ఏళ్ళు ఆ చేతి కూడు తిన్నవాళ్ళం, మంచిది కాకపోతే మేమెట్లా బతికాం అంది. జ్యోతి లోపలికి పోయింది. అక్క నా వైపు తిరిగి, ఏమైంది దానికి, నువ్వేమన్నా అన్నావా అని అడిగింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. తమ్ముడు పోయిన బాధలే అక్కా, అన్నాను.

అక్కే బొట్లు పెట్టింది. నిమ్మకాయల మీద బండి ఎక్కించి దించాను. పక్కింటివాళ్ళు కొబ్బరి ముక్కలు తీసుకుపోయారు.

అక్టోబరు 4, శనివారం

ఒంటిపూట తింటోంది. బర్రెకు కుడితి కలపడం మానేసింది, సోమక్క వచ్చి కలిపి పోతోంది. కరివేపాకు చెట్టుకు నీళ్ళు కూడా నన్నే పోయమంది. అవినాష్ పటం ముందు రోజూ కాఫీ పెట్టేది. నాలుగు రోజులుగా అది కూడా లేదు. అడిగితే, సంపినోళ్ళు పెడితే వాడు తాగుతాడా అంది.

కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలియదు. పిచ్చి మాటలు మాట్లాడొద్దని గట్టిగా అరిచాను. ఆమె బెదరను కూడా లేదు. నేను అరిచేది వాన పడినట్టు అయిపోయింది ఆమెకు.

చెప్పేయొచ్చు. ఒక్క మాట. కూర్చోబెట్టి చెప్పేస్తే కుడితి కలుపుకుంటుంది, కాఫీ పెట్టుకుంటుంది. కానీ తర్వాత నా ముఖం ఎట్లా చూస్తుంది?

కొన్నాళ్ళు పోతే తనే మర్చిపోతుంది. కాలం మందు అంటారు.

అక్టోబరు 7

మర్చిపోలేదు.

అక్టోబరు 9, గురువారం

ఏసన్నను చూడాలంటోంది జ్యోతి. ఆయనకు డిస్కుల సంగతి బాగా తెలుసు కదా, నీళ్ళ వల్లనే పోయాడా కాదా ఆయన నోట వింటే చాలంట. విన్నాక తనేం చేసుకోవాలో తను చేసుకుంటుందంట.

ఏం చేసుకుంటావని అడగలేదు. భయం వేసింది. ఏసన్న ఊర్లో లేడని చెప్పాను. అదైతే అబద్ధమే.

అక్టోబరు 11, శనివారం

తెల్లవారే కల్లూరు పోయాను. ఒక్కణ్ణే.

ఏసన్న నన్ను చూసి లేత్ ఆపాడు. సంగతి తెలిసి రెండుసార్లు ఫోన్ చేశాడట. చేశాడు, నేనే ఎత్తలేదు. ఏమీ అడగకుండా జాకీ తెచ్చి ముందు భాగం లేపాడు. చక్రాలు విప్పాడు, డిస్కులు బయటికి తీశాడు. ఎడమ డిస్కు తుడిచి నా చేతిలో పెట్టాడు. గోరంత పొడవున నెర్రె ఉంది.

ఇక రాస్తాను. రాయడానికి కాకపోతే ఈ పుస్తకం ఎందుకు?

డిస్కులు వంగితే లేత్ మీద గీసి చదును చేస్తారు. గీసినప్పుడల్లా కొంచెం పలచనవుతాయి. ఇంతకన్నా పలచన కాకూడదని ఒక అంకె డిస్కు అంచు మీదే అచ్చుపోసి ఉంటుంది. మే నెలలో మొదటిసారి గీశాడు ఏసన్న. ఆగస్టు పదకొండున మళ్ళీ వణుకుతోందని తెచ్చాను. కొలిచి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి గీస్తే అంకె కిందికి పోతుంది, లోడు బండికి పనికిరాదు, కొత్తవి వేద్దామన్నాడు. టౌన్ నుంచి తెప్పిస్తాను, సాయంత్రానికి వేసిస్తాను, కూర్చోమన్నాడు. నాకు పత్తికొండ పక్కన మూడు తోటల్లో కాయ కోసి పెట్టి ఉంది. రెండు గంటలకల్లా బండి రావాలని రైతులు ఫోన్ మీద ఫోన్. ఈ కోత అయిపోనీ, ఇప్పటికి గీసియ్యి, అన్నాను. వద్దన్నాడు. ఏసన్న భుజం మీద చెయ్యేసి, నేను నడుపుతా కదా, నాకు తెలుసు కదా ఎట్లా తొక్కాలో, అన్నాను.

గీశాడు.

వారంలో మళ్ళీ వణుకు మొదలైంది. పద్దెనిమిది సాయంత్రం అవినాష్ బండి దిగి నేరుగా నా దగ్గరకు వచ్చాడు. జ్యోతి వాకిట్లో చక్రాలకు నీళ్ళు పోస్తోంది. "బావా, స్టీరింగు చేతుల్లో నిలబడడంల్యా. రేపు నువ్వు పోతావా?" అన్నాడు. నాకు నడుము నొప్పిగా ఉంది. రెండు చేతుల్తో గట్టిగా పట్టుకో, కొత్తవాడివా ఏంది, అన్నాను. నవ్వాను కూడా. సరేలే అన్నాడు.

ఆ సరేలే అన్న మాట యాభై రోజులుగా నా చెవిలోంచి పోలేదు. ఇక్కడ మాత్రం ఇన్నాళ్ళూ రాయలేదు.

ఏసన్నను ఒకటే అడిగాను. నా భార్య వస్తే నీళ్ళ వల్లనేనని చెప్పొద్దు, అట్లని గీసిన సంగతీ చెప్పొద్దు, ఏదో ఒకటి చెప్పి పంపించు అని. ఏసన్న చేతులకున్న గ్రీజు తుడుచుకున్నాడు.

"నీళ్ళకు వంగేది నిజమేలే రంగనాథూ," అన్నాడు. "వంగినందుకు గాదప్పా పిల్లోడు పోయింది, మార్సనందుకు. నువ్వు వద్దంటివి, నేను గీస్తి. నా చెయ్యి గూడా ఉండాది దీంట్లో. ఆయమ్మ చెయ్యి మటుకు లేదు. ఆయమ్మ ఈడికొస్తే నేను ఇదే చెప్తా. నేను చెప్పేకన్నా నువ్వు చెప్పు."

కొత్త డిస్కులు తెప్పించాడు. వాటి మీది నూనె పెట్రోలుతో కడిగాడు, వేసి బిగించాడు, కొత్త ప్యాడ్లు వేశాడు. మొదట్లో మెల్లగా తొక్కమన్నాడు. పాతవి గోతంలో కట్టి నా సీటు వెనక పెట్టబోతే వద్దన్నాను.

అక్టోబరు 12, ఆదివారం

చెప్పాను.

పొద్దుటి నుంచి నాలుగుసార్లు మొదలుపెట్టి మానుకున్నాను. బీడీ కట్ట అయిపోయింది. మధ్యాహ్నం జ్యోతి పంచలో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. మే నెల నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పాను. ఎక్కడా తగ్గించలేదు. అంకె సంగతి, ఏసన్న వద్దన్న సంగతి, నేను భుజం మీద చెయ్యేసిన సంగతి, నెర్రె సంగతి. ఆమె కాయలు ఒలుస్తూనే ఉంది. అంతా అయ్యాక కూడా రెండు గుప్పెళ్ళు ఒలిచింది.

"వాడు నీకు సెప్పినాడా, వణుకుతాందని?"

చెప్పాడన్నాను.

"నువ్వేమంటివి?"

ఆ మాట ఒక్కటీ దాచుకుందామనుకున్నాను. దాచలేకపోయాను. రెండు చేతుల్తో పట్టుకోమన్నానని చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. చేట తీసుకుని నా నెత్తిన కొట్టినా బాగుండేది. చేటలో గింజలు వేరు చేసి, పొట్టు ఊది, పక్కన పెట్టింది. అప్పుడు తలెత్తింది.

"పదిహేడు దినాలాయె నువ్వు నీళ్ళ మాట చెప్పి," అంది. "ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా తమ్ముణ్ణి సంపిన చెయ్యి ఇదేనని తింటి. నువ్వు ఎదురుగా కూచోని సూస్తివి. గోలీ మాత్ర మింగినట్ల మింగుతాంటే సూస్తివి. డిస్కులు మార్సలేదంటే కోత తొందరనుకుంటా. అది నేను ఓర్సుకుంటా. ఇది ఎట్ల ఓర్సుకునేదో నాకు సెప్పు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది నేను, పదిహేడు రోజులు కడుగుతూ కూర్చుంది ఆమె.

సాయంత్రం బర్రెకు కుడితి తనే కలిపింది. పటం ముందు కాఫీ పెట్టింది. నాకు అన్నం సోమక్క ఇంటి నుంచి వచ్చింది.

అక్టోబరు 13

మాట్లాడలేదు.

అక్టోబరు 14

మండీలో ఆయన మళ్ళీ అదే అన్నాడు, పిల్లోడు స్పీడు అని. వాడు స్పీడు కాదు, బండి బాగాలేదు, బాగాలేదని నాకు తెలుసు, అన్నాను. నలుగురు విన్నారు. టీ తాగేవాళ్ళు టీ తాగడం మానేశారు. ఇంటికొచ్చి ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. మెప్పు కోసం చెప్పినట్టు ఉంటుంది.

అక్టోబరు 15

ఈరోజు కూడా లేదు.

అక్టోబరు 16, గురువారం

పొద్దున తనే నోరు తెరిచింది. పుట్టింటికి పోతానంది, నాయన దగ్గర కొన్నాళ్ళు ఉంటానంది. బస్సు ఎక్కిస్తానన్నాను. వద్దంది. బండిలోనే పోదామంది.

సంచిలో నాలుగు చీరలు పెట్టుకుంది. నాలుగంటే ఎన్నాళ్ళకో లెక్క వేసుకుని, అడగకుండా ఊరుకున్నాను. పక్క సీట్లో కూర్చుంది. రంగు కలవని ఆ డోరు గట్టిగా లాగితే గానీ పడదు. తనే లాగింది. ఆలూరు రోడ్డు ఎక్కాం. కంది చేలు పూతకు వస్తున్నాయి. ఇంకో దారిలో పోదామా అని అడుగుదామనుకున్నాను. ఇంకో దారి లేదు.

కల్వర్టు కనిపించింది. యాభైలో పోతున్నాను. పక్క నుంచి మెల్లగా అంది, "నిలుపు."

తొక్కాను. బండి నిలబడింది. వణకలేదు, ఏ పక్కకూ లాగలేదు. గీత గీసినట్టు నిలబడింది. ఆమె ఒళ్ళో ఉన్న సంచి కూడా జారలేదు.

ఆమె దిగలేదు. విరిగిన కల్వర్టు గోడ వైపు చూడలేదు. కింద, పెట్టెలు పగిలిన చోట టమేటా మొక్కలు మొలిచి పిందె వేసి ఉన్నాయి. అటు కూడా చూడలేదు. నా కాలి కింద బ్రేకు వైపు చూస్తూ కూర్చుంది.

"ఇంత సక్కంగా నిలబడతాదా," అంది.

నిలబడుతుందన్నాను.

వెనక నుంచి బస్సు హారన్ కొట్టి పక్క నుంచి పోయింది. దుమ్ము తగ్గేవరకూ ఆమె ఆగింది.

"డిస్కులు మార్సేది ఎంతసేపు పని?"

"ఒక పూట," అన్నాను.